ప్యాంటమ్మ అని ఎవరన్నారు?

ఆమెకు ఆ పేరు పెళ్లయిన ఆరేళ్లకు వచ్చింది. అంతకుముందు వీధిలో అందరూ ప్రెస్సాయన భార్య అనేవాళ్లు. భర్త అచ్చాఫీసులో మెషిను నడిపేవాడు. మనిషి గుమ్మంలోకి రాకముందే సిరా వాసన వచ్చేది. నెమ్మదస్తుడు. రెండు మాటలతో పోయేదానికి ఒక మాట, ఒక మాటతో పోయేదానికి తల ఊపడం, అదీ ఆయన పద్ధతి.

ఆమెది నీళ్ల శాఖలో మీటరు రీడరు ఉద్యోగం. తండ్రి ఆ పనిలో ఉండగానే పోతే ఆయన స్థానంలో ఆమెను తీసుకున్నారు. రీడరంటే పేరుకే చదివే పని, నిజానికి వంగే పని. ప్రతి ఇంటి గేటు పక్కనా ఒక గుంట, దానికో ఇనప మూత. కొక్కెంతో మూత లేపాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, లోపలికి చెయ్యి పెట్టి మీటరు గాజు మీద బురద తుడవాలి, అంకెలు చూసి కార్డు మీద రాసుకోవాలి, మూత వేసి పక్కింటికి పోవాలి. గుంటలో ఒక్కోసారి కప్ప, ఒక్కోసారి తేలు. కొన్ని ఇళ్లలో మీటరు డాబా మీద ట్యాంకు కింద ఉండేది. అక్కడికి ఇనప నిచ్చెన ఎక్కాలి.

ఆ కాలంలో ఆడవాళ్లందరివీ పాదాల మీద జీరాడే గౌన్లే. వయసును బట్టి రంగు మారేది గాని పొడుగు మారేది కాదు. ఇంట్లో కూర్చునేవాళ్లకు అవి బాగానే ఉండేవేమో. ఆమెకు వానాకాలం వచ్చిందంటే అంచు తడిసి బరువెక్కి, సాయంత్రానికి బురద మోకాళ్ల దాకా పాకేది. ఎత్తి నడుముకు దోపుకుంటే, పిక్కలు కనిపిస్తున్నాయని కొందరు చూసేవాళ్లు, కొందరు అనేవాళ్లు. దించుకుంటే కాళ్లకడ్డం. వీధి కుక్కలకు మాత్రం ఆ అంచంటే మహా ఇష్టం.

ఒకరోజు రొట్టెల బట్టీ వెనక డాబా నిచ్చెన దిగుతుండగా, విరిగిన మెట్టు ఇనప మొనకు గౌను తగులుకుంది. కాలు జారింది. బట్ట చిరిగి ఆమెను వదిలేసేసరికి కింద పడి కుడి మణికట్టు విరిగింది. పిండికట్టుతో ఆఫీసుకెళితే సూపర్‌వైజరు ఆమెను పైనుంచి కిందికి చూసి, ఈ పని చెయ్యాలంటే మగాళ్లలా ప్యాంటు తొడుక్కోవాలమ్మా, లేదంటే ఆఫీసులో కప్పులు కడిగే పనికి మారిపో అన్నాడు. ఆయన సలహా ఇవ్వలేదు, దారి చూపించాడు, బయటికి. ఆమె మాత్రం మొదటి సగమే చెవిన వేసుకుంది.

కట్టు విప్పిన వారం, సెలవు రోజు మధ్యాహ్నం, తలుపు వేసుకుని భర్త పాత ప్యాంటు తొడుక్కుని చూసింది. నడుము దగ్గర పిడికెడు ఎక్కువ. తాడుతో బిగించింది. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. మంచం మీద కాలు పెట్టి ఎక్కింది, దిగింది, మోకాళ్ల మీద కూర్చుంది, లేచింది. అడ్డం వచ్చేదేమీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఎందుకో ఆమెకే తెలియలేదు. అప్పుడే లోపలికొచ్చిన భర్త ఒక నవ్వు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. "టైలరు దగ్గరికి నేను తోడొస్తాలే," అన్నాడు.

టైలరు మగవాళ్ల టైలరు. ఆడమనిషి కొలత ఎప్పుడూ తీయలేదు, తీయనన్నాడు. చివరికి టేపు ఆమె చేతికిచ్చి, ఆమె చెప్పే అంకెలు అటు తిరిగి రాసుకున్నాడు. జిప్పు ముందు పెట్టనంటే పెట్టనన్నాడు. ఆడవాళ్లకు ముందు జిప్పు పెట్టాడని తెలిస్తే కొట్టు మూసుకోవాలట. పక్కన పెడతాను, కుట్టినవి తీసుకెళ్లడానికి వెనక తలుపు వైపు రండి అన్నాడు. ఆమె వెనక తలుపు వైపే వెళ్లి తెచ్చుకుంది. ముదురు గోధుమరంగు, వదులుగా, నడుము దగ్గర కుచ్చులతో రెండు ప్యాంట్లు.

మర్నాడు పొద్దున వాటిలో ఒకటి తొడుక్కుని, పైన పొడుగు చేతుల చొక్కాతో వీధిలోకి వచ్చింది. మంగలి షాపు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకడు "ప్యాంటమ్మొస్తోందర్రోయ్" అన్నాడు. ఎవడన్నాడో ఆమె చూడలేదు. చూడకపోవడమే మంచిదనుకుంది. సాయంత్రానికి ఆ పేరు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

పేరు కంటే పనిలో వచ్చిన తేడా ఎక్కువ బాధపెట్టింది. అంతకుముందు ఎండలో మీటరు చూస్తుంటే లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చే ఇల్లాళ్లు ఇప్పుడు కిటికీ వెనక నుంచే మాట్లాడేవాళ్లు. ఒకావిడ గేటు తీయకుండా, మగాడనుకున్నానమ్మా, ఇంట్లో ఆయన లేరు, రేపు రా అంది. పిల్లలు వెంటపడి ఆ పేరుకొక పాట కట్టారు. మారనివి కుక్కలొక్కటే. అవి ఎప్పటిలాగే మీదికొచ్చేవి, పట్టుకోవడానికేమీ దొరక్క నిలబడి మొరిగేవి.

అత్తగారు ఆమెతో గొడవ పెట్టుకోలేదు. కాళ్లు విరగ్గొట్టుకుని మంచాన పడితే చేసేది నేనేగా, వేసుకోనీ అంది. కాని బట్టలు ఆరేసేటప్పుడు మాత్రం కోడలి ప్యాంటును కొడుకు చొక్కాల మధ్య ఆరేసేది, చూసినవాళ్లు కొడుకువే అనుకోవాలని. ఆ సంగతి కోడలికి తెలుసు. తెలిసినట్టు అత్తగారికి తెలుసు. ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

గొడవ వచ్చింది వదినగారి వైపు నుంచి. వదినగారంటే భర్త అక్క. ఆమె భర్తకు బజారులో బట్టల కొట్టు. ఆడవాళ్ల గౌన్లు, మగవాళ్ల ప్యాంట్లు వేరువేరు గోడలకు వేలాడదీసి అమ్మేవాళ్లు. మంచి మనిషి కాదనడానికి లేదు. మరదలి కాన్పుకు పది రోజులు వచ్చి ఉండి, పసిపిల్లకు నీళ్లు పోసింది తనే. చెయ్యి విరిగినప్పుడు పులుసు కాచి పంపింది. ఆ ప్రేమ, ఆ చనువు ఉండబట్టే ఏ మాటైనా అనే హక్కు తనకుందనుకునేది.

ప్యాంటు మొదలుపెట్టిన మూడో ఏడు వదినగారి పెద్దకూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికి వారముందు వదినగారు వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. మామూలు సంగతులు కాసేపు చెప్పింది. అబ్బాయి వాళ్లది పెద్ద కుటుంబమని, పరువు గల వాళ్లని రెండుసార్లు చెప్పింది. తర్వాత అసలు మాటకొచ్చింది.

"నీ సంగతి వాళ్ల దాకా వెళ్లిందమ్మాయ్. ఆ ప్యాంటమ్మ మీకేమవుతుందని అడిగారు."

"మీరేమన్నారు వదినా?"

"ఏమీ కాదన్నాను."

ఆమె, పెళ్లికి గౌనే వేసుకొస్తాను, కొత్తది కుట్టించుకున్నాను, చూపిస్తాను ఉండండి అని లేవబోయింది. వదినగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గౌను వేసుకుంటే మాత్రం నిన్ను గుర్తుపట్టరా, ఊళ్లో నువ్వు చూడని మీటరుందా అంది. ఆ ఒక్క రోజు రాకు, పిల్ల గట్టెక్కాక అంతా మామూలే అని నచ్చజెప్పింది. భర్త లోపలే ఉన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నీ విన్నాడు. అక్క వెళ్లేటప్పుడు గేటు దాకా సాగనంపాడు.

పెళ్లికి అత్తగారు, భర్త, ఎనిమిదేళ్ల కూతురు వెళ్లారు. ఆమె డ్యూటీకి వెళ్లింది. ఆ రోజు ఏ వీధిలో తిరిగిందో, ఎన్ని మూతలు లేపిందో గుర్తులేదు. సాయంత్రం కూతురు రిబ్బన్లు ఊడదీసుకుంటూ, అమ్మా, నీకు జ్వరమని అత్త అందరికీ చెప్పింది, నీకు జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. లేదని ఎలా చెప్పాలో తెలియక ఆమె, ఇప్పుడు తగ్గిందిలే అంది.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. పెళ్లయిన పిల్ల వేరే ఊరు వెళ్లిపోయింది. వదినగారింటితో ఆగిన రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. అత్తగారు పోయింది. ఆమె మీటర్లు చూస్తూనే ఉంది. మోకాళ్ల కింద చర్మం కాయలు కాసింది.

లోకం ఎప్పుడు మారిందంటే చెప్పడం కష్టం. మొదట కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఆడపిల్లలకు ప్యాంటు యూనిఫాం అన్నారు. కొంతమంది తల్లులు గొడవ చేశారు, జీతం రోజు వచ్చేసరికి ఊరుకున్నారు. తర్వాత బ్యాంకులో ఒకమ్మాయి, ఆసుపత్రిలో నర్సులు. తర్వాత లెక్కపెట్టడం మానేయాల్సి వచ్చింది. ఒకరోజు మంగలి షాపు ముందు నుంచి వెళుతూ, తనను ఆ పేరుతో పిలిచి చాలా కాలమైందని ఆమెకు తట్టింది. ఎప్పుడు మానేశారో తెలియలేదు. పిలవడం మొదలైన రోజు బాగా గుర్తుంది, ఆగిపోయిన రోజు మాత్రం లేదు. సంతోషపడాలా అనుకుంది. ఆ వీధిలో ఇంకా పదిళ్లు మిగిలున్నాయి, నడిచింది.

ఈలోగా కూతురు కాలేజీకి వచ్చింది. కాళ్లకు అంటుకుపోయే జీన్స్ వేసుకునేది, జిప్పు ముందుకే. ఒకరోజు తల్లి అటువైపు డ్యూటీ ఉందంటే బతిమాలుతున్నట్టు చెప్పింది. "అమ్మా, మా కాలేజీ గేటు వైపు మాత్రం ఆ బుడగ ప్యాంటుతో రాకే. అలాంటివి ఎవరూ వేసుకోవట్లేదు."

ఆమె నవ్వింది. ఆ రాత్రి అన్నం తింటూ భర్తతో చెప్పింది, నిన్నటిదాకా నేను అందరికంటే ముందున్నాను కాబట్టి తప్పు, ఇవాళ అందరికంటే వెనకబడ్డాను కాబట్టి తప్పు. మధ్యలో ఏదో ఒక రోజు నేనూ ఫ్యాషన్‌లో ఉండే ఉంటాను, ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాను అంది. భర్త పొలమారేలా నవ్వాడు. ఆయన అలా నవ్వడం అరుదు. కాని కాలేజీ వైపు వీధుల్ని ఆమె తోటి రీడరుకిచ్చి, బదులుగా కొండ వైపు ఎత్తు వీధులు తీసుకుంది. అవి ఎక్కడం వల్లే మోకాళ్లు త్వరగా పోయాయని డాక్టరు తర్వాత అన్నాడు.

రిటైరయ్యేసరికి కూర్చుంటే లేవలేకపోయేది, లేస్తే కూర్చోలేకపోయేది. జిప్పులు, గుండీలు లేకుండా నడుముకు ఎలాస్టిక్ ఉన్న మెత్తటి ప్యాంట్లు వాడమన్నారు. కొనుక్కోవడానికి వదినగారి కొట్టుకే వెళ్లింది.

కొట్టు ఇప్పుడు రెండంతస్తులు. అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మల్లో గౌను వేసుకున్నది ఒక్కటీ లేదు. వదినగారి భర్త పోయి చాలా కాలమైంది. వ్యాపారం కొడుకు చూసుకుంటున్నా, వదినగారు రోజూ వచ్చి లోపల మెత్తటి కుర్చీలో కూర్చునేది. వచ్చినవాళ్లతో కబుర్లాడి సరుకు అంటగట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. వదినగారు వేసుకున్నదీ ప్యాంటే, లేత నీలం రంగుది, పైన తెల్లటి పొడుగు చొక్కా.

ఆ సమయంలో ఒక తల్లి, కూతురు ఏదో బేరంలో ఉన్నారు. పిల్ల పాదాల దగ్గర వెడల్పుగా ఉండే ప్యాంటు కావాలంటోంది, తల్లి వద్దంటోంది. వదినగారు తల్లికి నచ్చజెబుతూ, లోపలికొస్తున్న మరదల్ని చూసి ముఖం చేటంత చేసుకుంది.

"ఇదిగో, మా తమ్ముడి భార్య. మీరింకా ఇప్పుడు ఆలోచిస్తున్నారు. ఈవిడ ఆ రోజుల్లోనే ప్యాంటు వేసి ఊరంతా తిరిగిందమ్మా. మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరం కాదనలేదు. మాది మొదటినుంచీ అలాంటి ఇల్లు."

తల్లి ఆమెను గౌరవంగా చూసింది. పిల్ల, నిజమా ఆంటీ, మీకంత ధైర్యం ఎలా వచ్చింది అని అడిగింది. ఆమె, ధైర్యం కాదమ్మా, నిచ్చెన మీద నుంచి పడ్డాను అంది. వాళ్లకు అర్థం కాలేదు. వెడల్పు పాదాల ప్యాంటు కొనుక్కుని వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక ఆమె వదినగారి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది, అడగాలని కూడా అనుకోనిది, నోట్లోంచి వచ్చేసింది.

"వదినా, అమ్మాయి పెళ్లికి నన్ను రావద్దన్నారు. గుర్తుందా?"

"నేనా? నీకు జ్వరం కదే అప్పుడు."

"జ్వరమని మీరే చెప్పారు. మా గుమ్మంలో కూర్చుని, ప్యాంటమ్మ మీకేమవుతుందంటే ఏమీ కాదన్నానని చెప్పారు."

వదినగారి ముఖంలో నవ్వు పోయింది. నిజంగానే నొచ్చుకుంది. ముందుకు వంగి మరదలి చెయ్యి పట్టుకుంది. "ప్యాంటమ్మ అని ఎవరన్నారు నిన్ను? ఎవరన్నా అంటే నేను ఊరుకునేదాన్నా? నువ్వు పెళ్లికి రాలేదని నేనెంత బాధపడ్డానో నీకేం తెలుసు. నీ వాటా మిఠాయి విడిగా కట్టి పంపించాను కూడా."

ఆమె వదినగారి కళ్లలోకి చూసింది. అందులో అబద్ధం లేదు. అబద్ధమైతే బాగుండేది. అబద్ధమాడే మనిషితో పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, మాట్లాడ్డం మానేయొచ్చు. మర్చిపోయిన మనిషిని ఏం చేస్తాం? ఆ మాట ఇప్పుడు తన ఒక్కదాని దగ్గరే మిగిలింది. ఇన్నేళ్లు మోసింది అరువు సొమ్మనుకుంది, ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చినవాళ్లు వచ్చి తీసుకుంటారనుకుంది. వాళ్లు వచ్చి, అది మాది కాదు అన్నారు. కోపం రావాల్సిన చోట ఆవలింత వచ్చింది. అంత అలసట.

మేనల్లుడు ఎలాస్టిక్ ప్యాంట్లు రెండు సంచిలో పెట్టిచ్చాడు. బయటి గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

ఇంట్లో భర్త వాలు కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ప్రెస్సు మూతపడి చాలా కాలమైనా పేపరు తీసుకోగానే ముందు అచ్చు ఎలా పడిందో వేలితో తడిమి చూసే అలవాటు పోలేదు. ఆమె సంచి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. వదినకు ఏమీ గుర్తులేదు, నేను కలగన్నానేమో అనిపిస్తోంది అంది.

ఆయన పేపరు మడిచాడు. "కల కాదు. నాకు గుర్తుంది," అన్నాడు. "లోపల గుండీలు పెట్టుకుంటున్నా."

"మరి అప్పుడు మీరేమీ అనలేదు."

"అనలేదు. అక్క కదా అని ఊరుకున్నా."

"మరి నేనెవరిననుకున్నారు?"

ఆయన ఈసారి తల కూడా ఊపలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకొచ్చాడు. చక్కెర ఎక్కువైంది. ఇద్దరూ తాగారు. ఆ రోజంతా ఆమె మాట్లాడలేదు, మర్నాడు మాట్లాడింది. ఆ వయసులో, ఆ ఇంట్లో, ఉన్న ఇద్దరిలో ఒకరు మౌనవ్రతం పట్టడానికి రెండోవాళ్లకు చెవులైనా సరిగా వినపడాలి కదా.

కొత్త ప్యాంట్లు పొడుగయ్యాయి. అంచులు మడిచి తనే కుట్టుకుంది. మోకాలికి నిజంగానే హాయిగా ఉన్నాయి.

నెల తిరగకుండానే వదినగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కళ్లు మసకలు కమ్ముతున్నాయి, కోడలికి పిల్లల పరీక్షలు, కొడుక్కి కొట్టు, కంటి ఆసుపత్రికి నువ్వు తోడొస్తావా అని. ఆమె సంగతి గట్టిగా చెబితే భర్త, నీకిష్టం లేకపోతే నేను వెళతాలే అన్నాడు. ఆయన నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు. ఆమె ఆయన వైపు కొంచెంసేపు చూసి, మీకు ఆసుపత్రిలో దారి తెలియదు, ఇద్దర్నీ వెతుక్కోవాల్సి వస్తుంది, నేనే వెళతాను అంది.

ఆసుపత్రి హాలు నిండా జనం. కళ్లలో చుక్కలు వేశాక గంటసేపు కూర్చోమన్నారు. వదినగారు కళ్లు మూసుకుని ఆమె భుజం మీద తల వాల్చి, కొట్టు సంగతులు, కోడలి సంగతులు చెబుతూ పోయింది. చెప్పిందే చెబుతోంది. ఆమె ఊ కొడుతోంది. ఎదురు వరసలో ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. తొడల సగానికి ఉన్న నిక్కరు, పైన మగవాళ్ల బనియను లాంటిది, జుట్టు ఒక పక్క మొత్తం గొరిగించుకుంది. వెంట ముసలి తాతగారు, ఆయన కంటికి కట్టు. ఆ పిల్ల ఆయన చెయ్యి వదలడం లేదు.

ఆమెకు ముందు కలిగింది చిరాకే. ఆసుపత్రికి ఇదేం వేషం అనే మాట గొంతు దాకా వచ్చింది. అది వచ్చిన తీరు చూసి తనే ఉలిక్కిపడింది. ఆ మాట ఎక్కడినుంచో రాలేదు, తన లోపలే ఉంది, అందరి దగ్గరా ఉన్నట్టే. పెదవులు బిగించుకుని తల పక్కకు తిప్పుకుంది.

వదినగారు ఒక కన్ను సగం తెరిచింది. మసకలోనూ ఆ నిక్కరు ఆమెకు బాగానే కనిపించింది.

"ఏం కాలమోనమ్మా. ఆ బట్టలేమిటి, ఆ తలేమిటి. ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?"

"ఊరుకోండి వదినా. వింటుంది."

"విననీ. మంచికేగా చెప్పేది."

"వచ్చే ఏడు మీ కొట్లో అవే అమ్ముతారు. అప్పుడు ఈ పిల్ల మాకు బాగా తెలుసని చెబుతారు."

వదినగారు ఆ మాటకు నవ్వింది, నువ్వెప్పుడూ ఇంతేనే అని ఆమె చేతి మీద చిన్నగా కొట్టి మళ్లీ కళ్లు మూసుకుంది. ఎదుటి అమ్మాయి విన్నదో లేదో తెలియదు, తాతగారి కట్టు సరిచేస్తోంది. నర్సు తలుపు తీసి వదినగారి పేరు పిలిచింది. ఆమె ఒక చేత్తో చేతిసంచి, ఇంకో చేత్తో వదినగారి జబ్బ పట్టుకుంది. ఇద్దరివీ పాడైన మోకాళ్లే, లేవడానికి కాస్త సమయం పట్టింది.